మామ తోలుకొచ్చిన నల్ల పొట్టేలు

నా నోట్లో ఇప్పుడున్న పళ్లు నావి కావు, కరీంనగర్‌లో డాక్టరు పెట్టినవి. కండ్లద్దాలు కొడుకు కొనిచ్చినవి, చేతికర్ర మా వియ్యంకుడు పోతూ పోతూ వదిలిపోయింది. ఇంత మనిషిలో ఇది నాది అని చెప్పుకొనేటందుకు నాలుక ఒక్కటే మిగిలింది, అది కూడా ఇంకెవరికీ పనికిరాదు గనుక మిగిలిందే గాని నేను జాగ్రత్తగా వాడుకుంటే మిగిలింది కాదు.

మొన్న ఆదివారం ఆ పెట్టుడు పళ్లను, ఈ పాత నాలుకను వెంటబెట్టుకొని మా చిన్నబిడ్డ ఇంటికి భోజనానికి పోయిన. అల్లుడు పొద్దున్నే బండి మీద పోయి మటన్ తెచ్చిండు, బిడ్డ కుక్కర్లో పెట్టి నాలుగు కూతలు కూయించి దించింది, కంచంలో పడ్డ ముక్క నా పళ్లకు కూడా శ్రమ ఇయ్యకుండ దూదిలెక్క విడిపోయింది. ఉప్పూ కారం సరిగ్గనే ఉన్నయి, వంక పెట్టేటందుకు ఏమీ లేదు, కాని ఎంత నమిలినా అది గొర్రెదో మేకదో, గుట్టల మీద తిరిగిందో కొట్టంలో కట్టేసి పెంచిందో నాలుకకు అందలే. మసాలా రుచి తప్ప దానికంటూ ఒక సొంత రుచి లేదు. అలవాటు పొరపాటుగా, ఇది ఏం మేసి పెరిగిందో దుకాణపాయనను అడిగినవా అల్లుడా అని నోరు జారిన.

"కవరు మీద రాసి లేదు మామయ్యా" అన్నడతను.

అందరూ నవ్విండ్రు. మంచి మాటే, అతని ఈడులో నేనైతే అంతకన్న ముందే అందుకుందును. నేనూ నవ్విన, కాని ఆ ప్రశ్న అడిగే మొఖం నాకు లేదు. ఒక పొట్టేలు ఏం మేసిందనేది ఒకప్పుడు నా చేతిలో ఉన్న సంగతే. మా ఇంట్లో ఆ ముచ్చట పిల్లలకు కూడా తెలుసు, దసరా వచ్చిందంటే ఎవరో ఒకరు తీస్తరు, కడుపు పట్టుకొని నవ్వుతరు. దాన్ని నవ్వుకునే కథగా చేసి వాళ్ల చేతికి ఇచ్చింది కూడా నేనే. ఈ వయసులో దానికెల్లి నవ్వు తీసేసి, ఉన్నదున్నట్టు నా ఈడువాళ్లకు చెప్పుకోవాలనిపిస్తుంది.

మాది సుల్తానాబాద్ దగ్గరి ఊరు. నేను బడిలో చేరినప్పుడు ఉర్దూ చదువు, పోలీసు చర్య అయినంక తెలుగు చదువు. ఉర్దూ నా నెత్తికెక్కకముందే పోయింది, తెలుగు నెత్తికెక్కే లోపల నేనే పోయిన. నాలుగో తరగతి అవతల ఏముందో నేను చూడలే. వీని నోరు బడికి సరిపోదు, సంతకైతే సరిపోతదని పంతులు మా బాపుతో అన్నడట. సంతకు కాక బొగ్గుబాయికి పోయిన, బెల్లంపల్లికి. భూమి లోపల ఆ చీకట్లో మనిషికి దీపం తర్వాత కావలసింది నవ్వు. అందుకే నాతో పాటు షిఫ్టు పడాలని అడిగి మరీ వేయించుకునేటోళ్లు ఉండె. మేస్త్రీని అనుకరిస్తే ట్రాలీలు ఆగిపోయేటంత నవ్వు. అట్ల నా నోటికి ఒక విలువ వచ్చింది, విలువ వచ్చినదాన్ని మనిషి దాచుకోడు కదా, ఎక్కడ పడితే అక్కడ ఖర్చుపెడుతడు, నేనూ అట్లనే పెట్టిన.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేండ్లకు నాకు పెండ్లయింది. మా మామది చెన్నూరు అవతల గోదావరి ఒడ్డున పల్లె. ఎర్ర రుమాలు, భుజం మీద నల్ల గొంగడి, చేతిలో తనకన్న పొడుగైన కట్టె, ఆ కట్టె కన్న పొడుగైన మాటలు. నల్లగొర్రెల మంద ఉండె ఆయనకు, గొంగళ్లకు ఉన్ని ఇచ్చే జాతి. గొర్రెల గురించి మొదలుపెడితే మనుషుల గురించి చెప్పినట్టే చెప్తుండె, ఏది ఎవరి బిడ్డ, ఏది ఎవరితో కయ్యం పెట్టుకున్నది, ఏది తిండి కాడ సిగ్గుపడుతది అని. పెండ్లయిన కొత్తల్లో నేను అత్తగారింటికి పోతే ఆయన మందలోకి తీసుకపోయి, చుట్టాలను పరిచయం చేసినట్టు ఒక్కొక్కదాన్నీ చూపించిండు; నేను చేతులు జోడించి గొర్రెలకు దండం పెట్టిన, నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది, ఆయన మాత్రం అల్లుడు మర్యాద తెలిసినోడని సంతోషపడ్డడు.

కూర గురించి ఆయనకు ఒక లెక్క ఉండె. వానకాలం లేతగడ్డి మేసిన గొర్రె కూర కుండలో నీళ్లోడుతదట. కంది కోతలైనంక చేన్లలో రాలిన ఆకూ పొట్టూ ఏరుకొని తిన్నదాని కండ గట్టిపడుతదట. ఎండకాలం తుమ్మకాయలు తిన్నదాని కొవ్వు తెల్లగా, గట్టిగా పేరుకొని, పొయ్యి మీద పెడితే నూనె చుక్క అడగకుండ దానిలో అదే ఉడుకుతదట. ఇక ఎర్రగొర్రెల మాటంటారా, అవి కాళ్లు పొడుగు, ఒళ్లు పెద్దది, తొందరగా ఎదుగుతయి, తూకానికి అవే మేలని ఆయన కూడా ఒప్పుకుంటుండె. నల్లది నిదానంగా ఎదుగుతది, చిన్నగనే ఆగిపోతది, అందుకే ఆ రుచంతా ఆ చిన్న ఒంట్లోనే దగ్గరదగ్గరగా ఉంటదని ఆయన వాదం. ఇందులో ఎంత నిజమో ఎంత మమకారమో నాకు తెలియదు గాని, ఆయన ఇంట్లో తిన్న కూర మాత్రం ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

ఆ రోజుల్లోనే ఆయనకు ఒక దిగులు పట్టుకున్నది. మిల్లు దుప్పట్లు వచ్చి గొంగళ్లు కొనేటోళ్లు తగ్గిండ్రు. సంతకు వచ్చే బేరగాళ్లు ఎర్రవాటినే తడుముతుండ్రి, నల్లవాటిని దాటుకొని పోతుండ్రి. ఊళ్లో తోటి మందలవాళ్లు ఒక్కొక్కరే నల్లవాటిని అమ్మేసి ఎర్రవి పట్టుకుంటుంటే ఈయన ఒక్కడు పంతం పట్టి నిలబడ్డడు. ఉన్ని కోసం కాకపోతే కూర కోసమైనా నల్లగొర్రెను అడిగేటోళ్లు దొరికితేనే ఆ మంద నిలబడుతది, లేకపోతే లేదు. అప్పుడు ఆయనకు మేముండే క్వార్టర్ల లైను కనబడ్డది.

బాయి క్వార్టర్లలో దసరా అంటే ఏ ఇంట్లో పొయ్యి మీద చూసినా కూరే. కొన్ని ఇండ్లు కలిసి ఒక పొట్టేలును కొని, కోయించి, వాకిట్లో ఆకులు పరిచి ఇంటికొక కుప్పగా పోసుకుంటుంటిమి; పోగులంటరు వాటిని. ప్రతి కుప్పలో కండ ఇంత, ఎముక ఇంత, కార్జం ముక్క ఇంత ఉండాలె, లేకపోతే ఆడోళ్లు ఏడాది పొడుగూ గుర్తుపెట్టుకుంటరు. ఏటా దసరాకు మా లైన్ల పొట్టేళ్లన్నీ తన మందలోకెల్లి రావాలని మామ ఆశ. మాటలతో ఒప్పించే పని లేదని ఆయన నమ్మకం. "ఒక్కపారి తినిపియ్యి అల్లుడా, చాలు. నేను చెప్పుడెందుకు, కూరనే చెప్తది" అన్నడు. మా పెద్దకొడుకు పుట్టువెంట్రుకల విందు దసరాకు ముందు పెట్టుకున్నం, లైనంతా పిలుపు. ఆ విందులో తన పొట్టేలును కోయాలని, అది తిన్నంక లైను తానై అడుగుతదని అనుకున్నం. అనుకున్నది ఆయనొక్కడే కాదు, నేనూ. బాయిలో అందరికీ ముందే చెప్పి పెట్టిన, మా మామ పొట్టేలును తింటే మీరు సంత మొఖం చూడరని.

వానలు ముదిరితే వాగులు దాటనియ్యవని ఆయన ముందుగాలనే బయలుదేరి, అడవిదారిన నడిచి, నడుమ ఎవరి ఊళ్లోనో పండుకొని, ఒకనాడు పొద్దెక్కేసరికి మా గుమ్మం ముందు నిలబడ్డడు. ఒక చేతిలో పొట్టేలు తాడు, నెత్తి మీద తుమ్మకాయల బస్తా. దాని మేతను అదే మోసుకరాలేదా మామా అన్న నేను. ఆయన నవ్వి, పొట్టేలును గుంజకు కట్టి, అప్పగింతలు పెట్టిండు. చిన్నప్పుడే విత్తులు కొట్టిన పొట్టేలు, కూర కోసమని విడిగా చూసుకున్నది. తుమ్మకాయలు, కందిపొట్టు, జొన్నచొప్ప, దొరికితే ఇన్ని రేగుకొమ్మలు. గంజీ మెతుకులూ ముట్టనియ్యొద్దు. ఉన్ని జోలికి పోవద్దు, విందుకు వచ్చినప్పుడు తానే కత్తిరించి మనుమనికి చిన్న గొంగడి నేయిస్తనని చెప్పి, ఒక్క పూట కూడా ఉండకుండ మంద ఫికరుతో మళ్లీ అడవిదారి పట్టిండు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగి వస్తుంటే పక్క క్వార్టరు ఫిట్టరన్న గుంజ కాడ నిలబడి ఉన్నడు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, మంచోడు, నా లెక్కనే నోరున్నోడు.

"ఏం తమ్ముడూ, మీ మామగారు పొట్టేలని చెప్పి ఎలుగుబంటి పిల్లని కట్టేసి వెళ్లారేంటి?"

లైనంతా పకపకా నవ్వింది. మా వైపు గొర్రెలు దూడలంత ఉంటాయని, దీన్ని కోస్తే బొచ్చు పోగులు పంచుకోవాల్సిందేనని ఇంకో రెండు అన్నడు. వాళ్లను నవ్వించేటోణ్ని నేను, నన్ను చూసి వాళ్లు నవ్వుడు నాకు కొత్త. పొట్టేలును చూస్తే నిజంగానే చిన్నది, నల్లది, దుమ్ముపట్టిన ఉన్నితో పాత గొంగడి ముడుచుకొని పండుకున్నట్టున్నది. సిగ్గనిపించింది. మామను చూస్తే కాదు, మామ గొర్రెను చూస్తే నాకు సిగ్గనిపించింది. నా జన్మలో నేను సిగ్గుపడకూడని చోట సిగ్గుపడ్డది అదొక్కటే, సిగ్గుపడవలసిన చోట్లు దాని వెనకనే వరుసగా వచ్చినయి.

మరునాడే కత్తెర పట్టుకొని దాని ఉన్ని గొరిగిన. పిల్లగాని వెంట్రుకలు తీసే ముందు నాకు చెయ్యి అలవాటు కావాలె కదా అని లైనుకు చెప్పుకుంట గొరిగిన. గొర్రె ఉన్ని తీయడం ఒక విద్య, నా చేతికి అది రాదు. అక్కడక్కడ తోలు కనబడి, అక్కడక్కడ కుచ్చులు మిగిలి, సగం ఈకలు పీకిన కోడిలెక్క తయారైంది. అందరూ నవ్విండ్రు, కాని ఈసారి నన్ను చూసి కాదు, దాన్ని చూసి. నాకు ప్రాణం కుదుటపడ్డది. నా భార్య ఆ ఉన్నినంతా ఏరి గోనెసంచిలో నింపి అటక మీద పెట్టింది.

ఇక దాన్ని లావు చెయ్యాలె. తుమ్మకాయలు పెట్టుకుంట పోతే అది లావెప్పుడయ్యేను, ఫిట్టరన్న నోరెప్పుడు మూతపడేను? లైను చివర మెస్ ఉండె, అక్కడ మిగిలిన అన్నం, గంజి బకెట్లకు బకెట్లు. వాళ్లకు ఎండుచాపలు బస్తాల్లో వచ్చేవి, వాటి తలకాయలు, పొడి పారబోస్తుండ్రి. ఎండుచాపల పొడి పెడితే కోళ్లు తొందరగా ఎదుగుతయని ఎవరో అంటే విన్న. రెండు కాళ్లదానికే పనిచేసినప్పుడు నాలుగు కాళ్లదానికి రెట్టింపు పనిచేస్తదని నాలుగో తరగతి లెక్క ఒకటి వేసుకొని, ఆ పొడిని తవుడులో, గంజిలో కలిపి, మొదట్లో అది మూతి తిప్పుకుంటే ఇంత బెల్లం కూడా వేసి అలవాటు చేసిన. అలవాటైంది. బకెట్ చప్పుడు వింటే తాడు తెంపుకునేది.

"గొర్రెకు చాపలు పెట్టుడేంది? జర సోయి ఉన్నదా నీకు? బాపు ఏం చెప్పిపోయిండు, నువ్వేం చేస్తున్నవ్?" అన్నది నా భార్య. గొర్రెల్లో పుట్టి పెరిగిన మనిషి ఆమె.

"మీ బాపు గొర్రెలు గోదారి ఒడ్డుయే కదా, వాటికి చాపలు తెల్వకుంటయా?" అన్న నేను.

ఆమె మళ్లీ చెప్పింది, నేను మళ్లీ నవ్వించిన. నవ్వని రోజు ఆమె బకెట్ తీసి దూరంగా పెట్టేది, నేను షిఫ్టు దిగి వచ్చి మళ్లీ దగ్గర పెట్టేది. నెల తిరిగేసరికి పొట్టేలు ఉబ్బింది. మెడ కింద మడతలు, నడిస్తే వెనక భాగం ఊగుడు. లైనువాళ్లు వచ్చి చూసిపోతుండ్రి. ఇప్పుడు పొట్టేల్లా ఉందని ఫిట్టరన్న భుజం తట్టిండు. బాయిలో నేను పొట్టేలును పెంచిన విధం గురించి చెప్పిన గొప్పలు వింటే, నల్లగొర్రెను కనిపెట్టింది నేనేనని ఎవరైనా అనుకుందురు.

విందుకు ముందునాడు మామ వచ్చిండు. గుమ్మం ముందు ఆగి, మనుమణ్ని కూడా ఎత్తుకోకముందే గుంజ కాడికి పోయిండు. దాని వీపు మీద చెయ్యి వేసి నడుము దాక తడిమి చూసిండు. తర్వాత మూతి పట్టుకొని దగ్గరికి లాక్కొని వాసన చూసిండు. కింద పడ్డ పెంట చూసిండు, గోలీలలెక్క ఉండవలసింది ముద్దముద్దగా ఉంది. ఉన్ని ఏదని నా భార్యను అడిగితే ఆమె గోనెసంచి దించి ఇచ్చింది. అందులో చెయ్యి పెట్టి, పొట్టిపొట్టిగా తెగిన ఆ ఉన్నిని వేళ్ల నడుమ నలిపి చూసి, మూతి కట్టి పక్కన పెట్టుకున్నడు.

అప్పుడు నన్ను ఇంటెనకకు పిలిచిండు.

"అల్లుడా, దీన్ని ఇప్పుడు కొయ్యొద్దు. నేను తోలుకపోత. కొన్నాళ్లు మందల తిప్పితే లోపలిది మళ్ల మారుతది. రేపటికి సంతకెల్లి ఎర్ర పొట్టేలును నేనే పట్టుకొస్త."

ఎర్రగొర్రె పేరెత్తితే ఉమ్మేసే మనిషి, తన చేత్తో ఎర్ర పొట్టేలును తెచ్చి తన మనుమని విందులో కోయిస్తనంటున్నడు. ఆ మాట ఆయన నోటికెల్లి రావడానికి ఎంత కష్టపడ్డదో నాకు అప్పుడు తట్టలే. నాకు తట్టిందల్లా, గోడ అవతల ఫిట్టరన్న ఉన్నడని, పొట్టేలును మార్చితే లైనంతా ఎందుకని అడుగుతదని, నా గొప్పలు గాలిలో కలుస్తయని. "నీ చేతుల పిల్లిలెక్క ఉండె, నా చేతుల ఏనుగైంది, ఓర్వలేక అంటున్నవా మామా" అన్న, గోడ అవతలికి వినబడేటంత గట్టిగా. అవతలికెల్లి నవ్వు వినబడ్డది. మామ నా మొఖం చూసిండు. "సరె, నీ ఇల్లు, నీ మాట" అన్నడు. అల్లుని ఇంట్లో మామ మాట ఒకసారి కన్న ఎక్కువ చెప్పడు, అది మా వైపు మర్యాద. ఆ మర్యాదను నేను కవచంలెక్క వాడుకున్న.

మరునాడు ముల్లా వచ్చి కోసిపోయిండు. తోలు తీస్తే కొవ్వు తెల్లగా లేదు, పసుపుపచ్చగా, మెత్తగా, కత్తికి అంటుకొని సాగుతుంది. మామ పనివాళ్లను పక్కకు జరిపి తానే కూర్చున్నడు; చేతనైనంత వరకు ఆ కొవ్వంతా గీకి తీసిండు, ఆడోళ్లతో ఇంకిన్ని ఎల్లిగడ్డలు వేయమన్నడు, ఇన్ని ధనియాలు వేయమన్నడు, చింతపులుసు పోయమన్నడు. కూరనే చెప్తదన్న మనిషి కూర నోరు మూయించాలని ఎంత తిప్పలు పడ్డడో. కాని కూర డేగిశ మూత తీసేసరికి వాకిలంతా ఎండుచాపలు వేయించినట్టు గుప్పుమన్నది.

పంక్తి కూర్చున్నది. మామ కూడా పంక్తిలోనే, లైను పెద్దమనుషుల నడుమ, కొత్త రుమాలు చుట్టుకొని. మొదటి ముద్ద నోట్లో పడంగనే ముక్కలను ఆకు అంచుకు జరపడం ఒకరు మొదలుపెడితే అందరూ జరిపిండ్రు. కడుపులో కొంచెం బాగాలేదు తమ్ముడూ అని ఫిట్టరన్న మెల్లగా అన్నడు, అంత నోరున్నోడు కూడా ఆ రోజు నోరు కట్టుకున్నడు. చివర కూర్చున్న మేస్త్రీ మాత్రం, "నల్లగొర్రెది ఇంతేనయ్యా, ఎంత మేపినా జాతి వాసన పోతదా" అన్నడు. అవునవునన్నరు. మామ తలెత్తి నన్ను చూసిండు.

గంటె పట్టుకొని పంక్తి నడుమ నిలబడ్డ. అప్పుడు నేను చెప్పవలసింది ఒక్క మాట. జాతిది కాదు, మామది కాదు, మేపింది నేను. అంతే. అది చెప్తే అందరూ నన్ను చూసి నవ్వుదురు, నాలుగు రోజులు నవ్వి మరిచిపోదురు. కాని అందరూ నా దిక్కు చూస్తుండ్రి, నా నోటికెల్లి ఎప్పుడూ వచ్చేది వస్తదని చూస్తుండ్రి, ఆ చూపు నాకు బాగా అలవాటైన చూపు. "ఏం చేద్దాం, మా మామ గొర్రెలు గోదారి ఒడ్డున మేస్తయి, చాపలతోని సోపతి చేసినయేమో" అన్న.

పంక్తంతా విరగబడి నవ్వింది. అప్పటిదాక బిగుసుకపోయిన విందు ఆ నవ్వుతో తేలికపడ్డది, పప్పు తెప్పించుకున్నరు, పెరుగు తెప్పించుకున్నరు, కల్లు తాగిండ్రు, మంచిగనే గడిచిందన్నరు. నవ్వనిది ఇద్దరే. నా భార్య పిల్లగాణ్ని చంకనేసుకొని లోపలికి పోయింది. మామ తన ఆకులో ఉన్న ముక్కలన్నీ ఒక్కొక్కటే నిదానంగా తిన్నడు, ఎముకలు కూడా పీల్చిండు, అయినంక ఆకు కొంచెం ముందుకు జరిపి "ఇంకింత ఎయ్యి అల్లుడా" అన్నడు. పొట్టేలు ఆయనది, ఆయన పేరు మీద కోసింది. ఎవరు తిన్నా తినకపోయినా ఆయన దాన్ని ఆకులో వదలలే. నేను వేసిన. గంటెలో పులుసు కొంత ఆయన కొత్త ధోవతి మీద పడ్డది. నా ఆకులో ముక్క నేను తినలే.

ఆ దసరాకు మా లైను ఆసిఫాబాద్ సంతకెల్లి ఎర్ర పొట్టేలును తెచ్చుకున్నది. మామ పొట్టేళ్ల సంగతి నన్ను ఒక్కరూ అడగలే, నేనూ ఎత్తలే. ఆ చలికాలం మాత్రం మాట తప్పకుండ ఆయన మనుమనికి గొంగడి పంపిండు. పొట్టి ఉన్నితో నేసింది కాబట్టి దారం అక్కడక్కడ లేచిపోయి ఉండె, పిల్లలందరూ వరుసగా దాంట్లోనే పెరిగిండ్రు. ఇంకో రెండేండ్లకు మంద అమ్మేసిండని కబురొచ్చింది. అమ్మి ఎర్రవి కొనలే, ఏవీ కొనలే. నా ఒక్క విందుతోనే ఆ మంద పోయిందనను, మిల్లు దుప్పట్లున్నయి, సంత ఉన్నది, పోయేది ఎట్లాగూ పోవునేమో. కాని ఆయన ఆశపడ్డ ఒక్క తలుపు నా ఇంటి తలుపు, దాన్ని మూసింది నేను, మూసేటప్పుడు నవ్వించిన కూడా. తర్వాత ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా కాళ్లు కడుక్కొని ఆ ఖాళీ గుంజ కాడనే కూర్చునేది. చేతిలో తాడు లేదు, నోట్లో గొర్రెల ముచ్చట లేదు.

ఇప్పుడు లారీల్లో ఎక్కడెక్కడి నుంచో జీవాలు దిగుతున్నయి, వాటి ఊరేదో, అవి తొక్కిన నేలేదో అమ్మేటోనికే తెలియదు. తుమ్మకాయ కూర, కందిచేను కూర అని రుచిలో తేడా చెప్పేటోడు లేడు, చెప్పినా వినేటోడు లేడు. మా అల్లునిది తప్పేం లేదు, అడిగితే చెప్పే దుకాణం ఆయనకు లేదు, నాకు మాత్రం నా గుమ్మంలోకి వచ్చి చెప్పిపోయిన మనిషి ఉండె. అటక మీద ఆ చిన్న గొంగడి ఇంకా ఉంది. దాన్ని దాచిన నా భార్య పోయి కొన్నేండ్లాయె. నా జోకులకు లైనంతా నవ్వుతుంటే ఆమె నవ్వకుండ లోపలికి పోవడం ఆ విందునాడు మొదలైంది, ఆ తర్వాత ఎన్నిసార్లు పోయిందో నేను గమనించలే. గమనించేసరికి ఆమె లేదు. ఆమె గురించి మామ నన్ను ఒక మాట అడిగిండు, ఆమె ఉన్నన్నాళ్లు దానికి నేను జవాబు చెప్పలే.

విందైన మరునాడు పొద్దున మామను బస్సు ఆగే కాడికి సాగనంపేటందుకు పోయిన. ఉన్ని సంచి నేను మోస్తనంటే ఇయ్యలే, తన భుజం మీదనే వేసుకున్నడు. బస్సు దుమ్ము దూరంగా కనబడ్డంక, ఇక ఎట్లాగైతే అట్లయిందని, తలకాయ దించుకొని, "మామా, నీ పొట్టేలుకేం తక్కువ లేకుండె, నేను మేపినదే తప్పు" అన్న. పంక్తిలో అనవలసిన మాట అక్కడ, ఎవరూ లేని చోట అన్న. ఆయన రుమాలు సర్దుకొని, సంచి ఇంకో భుజానికి మార్చుకొని, నవ్వీ నవ్వనట్టు నా దిక్కు చూసిండు.

"పొట్టేలుదేమున్నది అల్లుడా, ఏది పెడితే ఆ వాసనే వస్తది. అయిపోయిందానికి ఫికరు లేదు. నా బిడ్డను గూడ నీ గుంజకే కట్టి పోతున్న, దానికేం పెడుతున్నవో అదొక్కటి చెప్పు."